గోదావరిమీది పాతవంతెన

పనికి వచ్చినంతకాలము వస్తువును గౌరవించి, పని తీరినపిదప దానిని మూలకు నెట్టుట లోకమున సామాన్యమైన నడవడి. ముసలియెద్దు గతి యేమగునో రైతుబిడ్డల కందఱికిని తెలిసినదే. కఱ్ఱు అరిగిన నాగలియెడల గాని, పగిలిన రోటియెడల గాని మనకు గల మమకారము ఎక్కువకాలము నిలువదు. అయితే ఒక దేశభాగమునకు నూఱేండ్లు సేవచేసిన కట్టడము పని మానినపుడు దాని నేమి చేయవలెనను ప్రశ్న ఇంటి రోటికి సంబంధించిన ప్రశ్నవంటిది కాదు. అందు ప్రజల సొమ్ము కలదు, ప్రజల చెమట కలదు, మూడు నాలుగు తరముల జ్ఞాపకము కలదు. రాజమహేంద్రవరమువద్ద గోదావరిమీద నిలిచియున్న హేవలాక్ వంతెన నేడు మన ముందుంచుచున్న ప్రశ్న యిట్టిది.

ఈ విషయము నా మనస్సున ఎట్లు పుట్టినదో ముందు చెప్పెదను. నేను నివసించునది నాతవరము. తాండవనది మా పొలములకు ప్రాణము. ఆ నది కడ్డముగా కట్టిన జలాశయము మా మండలముననే కలదు. మాకు రైలు లేదు. రైలెక్కవలెనన్న తునికి పోవలెను. లేదా నర్సీపట్నము పేరు పెట్టుకొని ఆ యూరికి చాల దూరమున నిలిచియున్న నర్సీపట్నము రోడ్డు స్టేషనునకు పోవలెను. తునివద్ద రైలు తాండవను దాటును. చిన్న నది, చిన్న వంతెన. మా పిల్లలలో పెక్కండ్రు రైలువంతెన యనగా దానినే యెఱుగుదురు.

కొంతకాలము క్రిందట మా పాఠశాల పిల్లలను రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయితిమి. గోదావరిగట్టున నిలిచి, అదిగో క్రొత్తవంతెన, అదిగో పాతవంతెన యని చూపుచుంటిని. క్రొత్తదానిమీద రైలు పోవుచుండెను. పాతదానిమీద కాకులు వాలియుండెను. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె నన్నడిగినది: “మాస్టారండీ, రైళ్లు వెళ్లని వంతెన మీద మనుషులైనా నడవచ్చు కదండీ? ఎవరూ నడవడం లేదేమండీ?”

ఆ ప్రశ్నకు నేను వెంటనే ఉత్తరము చెప్పలేకపోయితిని. “మూసివేసినారమ్మా” అని మాత్ర మంటిని. అది ఉత్తరము కాదని ఆ పిల్లకును తెలియును, నాకును తెలియును. ఈ వ్యాసము ఆమె కీయవలసిన ఉత్తరము.

త్ర్యంబకమున పుట్టిన గోదావరి పాపికొండల నడుమ ఇఱుకున నడిచి, మైదానము చేరినతోడనే వెడల్పగును. రాజమహేంద్రవరమునకును ఎదుటి యొడ్డుననున్న కొవ్వూరునకును నడుమ నది ఆషాఢశ్రావణములలో ఎఱ్ఱని సముద్రమువలె నుండును. వేసవిలో ఆ చోటనే ఇసుకదిబ్బలు తేలును. ఇట్టి నదిని పూర్వులు పడవలలో దాటిరి. వరద వచ్చిన దినములలో దాటనేలేకపోయిరి. పెండ్లి ముహూర్తము తప్పినవారును, జబ్బుమనిషికి వైద్యుని తీసికొనిరాలేకపోయినవారును, తండ్రి కడచూపునకు నోచుకొననివారును రెండు ఒడ్డులందును ఎందఱుండిరో! నది దేవతయే, కాని ఆ దేవత సెలవియ్యనిదే ఈ యొడ్డువాడు ఆ యొడ్డునకు పోలేని కాలమది.

1847మొదలు 1852వఱకు ఆర్థరు కాటన్ ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టించిన సంగతి గోదావరి జిల్లాలలోని పసిపిల్లలకు కూడ తెలియును. ఆ కాటన్‌దొర రైళ్లకంటె కాలువలే మేలని జీవితాంతము వాదించినవాడను సంగతి మాత్రము అందఱికిని తెలియదు. కాలువ పొలమునకు నీరిచ్చును, పడవకు దారి యిచ్చును, సరకును చౌకగా చేరవేయును. ఇనుపదారికి ఇంత ధనమేల పోయవలెనని ఆయన యడుగుచుండెను. ఆయన మాటలో సత్యము లేకపోలేదు. గోదావరి కాలువలమీద ధాన్యపుపడవలు చాలకాలము నడిచెను. కాని కాలువ నదినుండి పుట్టును గాని నదిని దాటించలేదు.

రైలునకు తొందరపెట్టినది క్షామము. 1866లో ఒరిస్సాలో కఱవు వచ్చినపుడు లక్షలకొలది జనులు మరణించిరి. దేశమున ఇతరత్ర ధాన్యము లేక కాదు. దానిని చేర్చుటకు దారి లేకపోయెను. వానకాలమున ఓడలు తీరమును చేరజాలవు. లోపలి బాటలు బురదలో మునిగెను. పది సంవత్సరముల పిదప, 1876మొదలు 1878వఱకు, మద్రాసు రాజధానిలో మహాక్షామము సంభవించెను. అటుపిమ్మట నియమింపబడిన క్షామవిచారణసంఘము 1880లో రైలుమార్గములను విస్తరింపజేయుట యవసరమని చెప్పెను. తూర్పుతీరపు రైలుమార్గమునకు ఈ దుఃఖములే పునాది. వ్యాపారలాభమును, సైన్యములను కదల్చు సౌకర్యమును పాలకులు చూచుకొనలేదని నే ననను. అవియును చూచుకొనిరి. కాని ఆకలిచే చచ్చినవారి లెక్కలు వారి బల్లమీద నుండెననుటయు నిజమే.

1893నుండి 1896లోపల విజయవాడమొదలు కటకమువఱకు ఇనుపదారి పడెను. మా తునియు, నర్సీపట్నము రోడ్డును ఆ దారిలోనివే. దారి యంతయు పడినను నడుమ నొక తెంపు మిగిలెను. అది గోదావరి. దక్షిణమునుండి వచ్చు బండి కొవ్వూరున ఆగును. ఉత్తరపు బండి రాజమహేంద్రవరమున కాచియుండును. నడుమ నదిని జలమార్గమున దాటవలెను. మూటలు దించుట, పడవ యెక్కించుట, దించుట, మరల బండి కెక్కించుట. వరదలో ఈ పని యెట్లుండెనో పాఠకులే యూహించుకొనగలరు. హారమంతయు కూర్చి నడుమ దారము తెంపియుంచినట్లు మద్రాసు కలకత్తాల మార్గ మిచ్చట తెగియుండెను.

ఆ తెంపును కలుపు పని 1897 నవంబరు 11వ తేదీన ప్రారంభమయ్యెను. పని నడిపిన ముఖ్యమైన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్. కాశీలో గంగమీద 1887లో తెఱవబడిన డఫరిన్ వంతెన కట్టుటలో పేరు పొందినవా డితడే. ఆ విధముగ గంగను దాటించిన చేయియే గోదావరినిగూడ దాటించినదనవచ్చును.

ఇసుకనదిలో స్తంభము నిలుపు విధము తెలిసికొనదగినది. బండరాయి లోతున నెక్కడనో యుండును. పైన నున్నదంతయు వరదవరదకు కదలు ఇసుక. అట్టిచోట బావిని దింపుదురు. అనగా, ఇనుప అంచుగల చట్రముపై గుండ్రని గోడ కట్టి, లోపలి ఇసుకను తోడుచుందురు. ఇసుక తీసినకొలది గోడ తన బరువుచేతనే క్రిందికి దిగును. దిగినకొలది పైన మరల కట్టుదురు. ఇట్లు నదిగర్భమున గట్టినేలను పట్టువఱకు దింపి, లోపల సున్నముకంకరలతోనో సిమెంటుతోనో పూడ్చి, దానిపై రాతిస్తంభమును లేపుదురు. మన రైతులు ఇసుకనేలలో వరలు దింపి బావి త్రవ్వునది యీ సూత్రముననే. బావి యొక ప్రక్కకు ఒరిగినచో దానిని సరిచేయుట ప్రాణాంతకమైన పని. వేసవి నెలలలోనే యీ పని సాగును. నది పొంగకముందే గోడ నీటిమట్టమునకు పైకి రావలెను. సంవత్సరమునకు దొరకునది కొన్ని నెలలే.

ఇన్ని కష్టములున్నను మూడు సంవత్సరములు నిండకముందే పని ముగిసెను. 1900 ఆగస్టు 30వ తేదీన వంతెన రాకపోకలకు తెఱవబడెను. ఆగస్టు గోదావరి పొంగు నెల. నిన్నటివఱకు పడవకై కాచుకొన్న ప్రయాణికుడు ఆ నెలలో నదిమీదుగ కూర్చున్నచోటినుండి కదలకుండ దాటెను. వంతెనకు 56 ఖానాలు, అనగా స్తంభమునకును స్తంభమునకును నడుమ ఎడములు, కలవు. ఒక్కొక్కటి 150 అడుగులు. ఎడములు మాత్రమే కూడినచో 8,400 అడుగులు, అనగా మైలున్నరకు మించిన దూరము. స్తంభములు రాతికట్టడము, పైని దూలములు ఉక్కు. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థరు ఎలిబాంక్ హేవలాక్‌గారి పేరు దానికి పెట్టిరి.

గవర్నరు పేరు వంతెనకు నిలిచెను. ఇంజనీరు పేరు గ్రంథములలో నిలిచెను. ఇసుక తోడినవారి పేరు, రాయి చెక్కినవారి పేరు, ఎఱ్ఱని మేకులు కొట్టి దూలములు బిగించినవారి పేరు ఎక్కడను లేదు. వారును మనుష్యులే, వారికిని పేర్లుండెను, సాయంకాలమున కూలికై చేయిచాచి నిలిచినపుడు ఆ పేర్లతోనే వారిని పిలిచియుందురు. మన పురాణములలో సేతువు కట్టిన వానరులలో నలుని పేరొక్కటియైనను నిలిచినది, ఉడుతకును ఒక కథ దక్కినది. ఈ సేతువు కట్టినవారి కాపాటి భాగ్యమును లేకపోయెను. పాతవంతెనకు మరల గౌరవము చేయదలచినవారు ఈ లోపమును జ్ఞాపకముంచుకొనవలెను.

వంతెన పడుటవలన కలిగిన మార్పులలో ధాన్యపు రవాణాను, తపాలాను ఎల్లరును చెప్పుదురు. నేను మఱియొకటి చెప్పదలచితిని. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించినపుడు ఆ యూరికి రైలు లేదు. ఆ వార్త పడవలమీదను, కాలినడకను దేశమున వ్యాపించెను. 1907లో బిపిన్‌చంద్రపాలు కలకత్తానుండి ఆంధ్రదేశమునకు వచ్చునప్పటికి రైలు వచ్చియుండెను. ఆయన రాజమహేంద్రవరమున ఉపన్యసించెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ యుపన్యాసములను తెలుగున వినిపించిరి. ఆ యుత్సాహమున అచ్చటి విద్యార్థులు వందేమాతరమని చదువులు పోగొట్టుకొనిరి. పాలుగారు అచ్చటినుండి విజయవాడకును, మచిలీపట్టణమునకును, మద్రాసునకును పోయెను. రాజమహేంద్రవరమునుండి విజయవాడకు పోవు రైలుదారి ఈ వంతెనయే. దొరతనమువారు తమ సౌకర్యమునకు కట్టుకొన్న వంతెనమీద దొరతనమును ప్రశ్నించు మాటయు ప్రయాణము చేసెను. కట్టినవాని యుద్దేశమునకు లోబడి యుండుట వంతెనల స్వభావము కాదు.

కులభేదముల విషయమునను రైలుపెట్టె కొంత పని చేసెను. కొంత అనుటయే న్యాయము. రైలు సమత్వమును బోధింపవచ్చినది కాదు. దానిలోనే తరగతులుండెను, మూడవతరగతి ప్రయాణికుని దురవస్థను గూర్చి గాంధీమహాత్ముడు 1917లో ప్రత్యేకముగ వ్రాయవలసివచ్చెను. స్టేషనులలో మంచినీళ్ల కుండలవద్ద కులమతభేదములు చాలకాలము నిలిచెను. అయినను, మూడవతరగతి బల్లమీద ప్రక్కన కూర్చున్నవా డెవడని విచారించుచుండగనే బండి కదలును. గోదావరిని దాటు కొద్ది నిమిషములలో నదివైపు చూచుటకు అందఱును కిటికీలవద్దకు చేరుదురు. బ్రాహ్మణుని చేతినుండియు, మాలవాని చేతినుండియు పైసలు అదే నీటిలో పడును. నది యెవరి పైసను వేఱుచేయలేదు.

నాకును ఆ జ్ఞాపకము కలదు. చిన్ననాడు మా అమ్మతో రైలులో ఈ వంతెన దాటినపుడు ఆమె చెంగున ముడివేసిన నాణెములు తీసి ఒకటి నా చేతిలో పెట్టి, “గోదారి తల్లికి దణ్ణం పెట్టుకుని వెయ్యి” అనెడిది. దూలముల నడుమ సందు చూచి వేయవలెను. లేనిచో నాణెము ఇనుమునకు తగిలి ఠంగుమనును, నదికి చేరదు. దూలములు ఒక్కొక్కటే కిటికీముందు దాటిపోవుచుండగా నేను వేళ్లమీద లెక్కపెట్టుచుంటిని. ఏనాడును ఏబదియాఱువఱకు లెక్క సరిపోలేదు. ఆ వంతెన నంతసేపు చూచియు దానిమీద కాలు మోపినవాడను కాను. రైలులో దాటిన కోట్లకొలది జనులలో ఎవరును మోపినవారు కారు.

ఈ వంతెనమీద ఇనుపదారి యొకటే. ఒక వైపునుండి బండి వచ్చుచున్నంతసేపు ఎదుటిబండి ఒడ్డున నిలువవలెను. రాకపోకలు పెరిగినకొలది ఇది ఇఱుకయ్యెను. 1974లో రెండవ వంతెన వచ్చెను. అందు క్రింద రైలు, పైన రోడ్డు. 1997లో మూడవది సిద్ధమయ్యెను. అది విల్లులు వరుసగా నిలిపినట్లుండు సిమెంటుకట్టడము. పాతదాని 56 ఖానాలకు బదులు దానికి 28 విల్లులే చాలినవి. నూఱేండ్లలో మనుష్యుని నేర్పు ఎంత పెరిగినదో తెలిసికొనుటకు ఈ రెండంకెలు చాలును. ఆ 1997వ సంవత్సరముననే పాతవంతెన పని మానెను. అప్పటికి దానిపని యారంభమై నూఱేండ్లు నిండెను.

పని మానిన యినుమునకు రెండే గతులు: విప్పి తూకమునకు అమ్ముట, లేదా మఱియొక పనికి నియోగించుట. ఈ రెంటి నడుమ మన వంతెన యిరువదియైదేండ్లకు పైగా ఊగులాడెను. నడకదారిగా మార్చుదమని, విహారస్థలము చేయుదమని, ఎన్నియో మాటలు వినబడెను. మాటలు తుప్పును ఆపలేవు. తుదకు 2025 జూను నెలలో అఖండగోదావరి యను పేర సుమారు 94 కోట్ల రూపాయల పనికి రాజమహేంద్రవరమున శంకుస్థాపన జరిగెను. పాతవంతెనను తీర్చిదిద్దుట అందు ముఖ్యమైన భాగము. 2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. కావున ఈ ప్రశ్నను గూర్చి ఇప్పుడే ఆలోచింపవలెను.

ఇట్టి పని లోకమున మనమే మొదట తలపెట్టినది కాదు. పారిసునగరమున పాత రైలుకట్ట 1993లో చెట్లబాటయయ్యెను. న్యూయార్కునగరమున సరకుబండ్లు నడిచిన ఎత్తైన ఇనుపదారి 2009లో తోటగా తెఱవబడెను. మన వంతెనకు నిజమైన తోబుట్టువు మాత్రము హడ్సన్‌నదిమీద పొకీప్సీ యను పట్టణమున కలదు. ఆ రైలువంతెన 1889లో, మనదానికి పదునొకండేండ్లు ముందు, తెఱవబడెను. దాని పొడవు 6,700 అడుగులకు పైగా. మన గోదావరిమీద రెండవ వంతెన వచ్చిన 1974లోనే అచ్చట మంటలు చెలరేగి ఆ వంతెన చెడిపోయి మూతపడెను. దానిని బాగుచేయు కోరిక రైలుకంపెనీకి లేకపోయెను. అది ఏండ్లకొలది ఊరి నడినెత్తిపై తుప్పుపట్టుచు నిలిచెను. 1992లో ఆ యూరి పౌరులు కొందఱు సంఘముగా చేరిరి. 1998లో వంతెనను తమ సంఘము స్వాధీనమునకు తెచ్చుకొనిరి. చందాలు పోగుచేసి, ప్రభుత్వమును కదిలించి, స్తంభములను దూలములను పరీక్ష చేయించి, 2009 అక్టోబరులో నడకదారిగా తెఱిపించిరి. దానిమీద నడచుటకు రుసుము లేదు. చక్రాలకుర్చీలో కూర్చున్నవాడును, బిడ్డనెత్తుకొన్న తల్లియు నదిమధ్యమువఱకు పోవచ్చును.

ఇందు మనము నేర్వవలసినది ఏది? వారికి ధనము గలదు, మనకు లేదని చెప్పుట సులభము. కాని పొకీప్సీలో మొదట కదిలినది ధనము కాదు, ఊరివారు. మూతపడిన వంతెన తమదని వారనుకొనిరి. మన పట్టణములలో ప్రభుత్వపు కట్టడమనగా ప్రభుత్వముదే, మనది కాదను భావము వేళ్లూనియున్నది. ఆ భావమున్నంతకాలము గోడకు సున్నము వేసిన మఱునాడే ఎవడో తాంబూలపు ఉమ్మి వేయును.

ఇక ఆక్షేపణలు. పాఠశాలల కప్పులు కారుచుండగా ముసలివంతెనకు కోట్లు పోయనేల యని యొకరందురు. నేను పాఠశాలలోనివాడను, కారు కప్పుక్రింద పాఠము చెప్పియున్నాను, ఈ యాక్షేపణ బరువు నెఱుగుదును. కాని పట్టణమున మనుష్యుడు ధనము వ్యయపెట్టకుండ కూర్చుండుటకు, నడచుటకు, గాలిపీల్చుటకు చోటు లేకుండుటయు ఒక లేమియే. ఇల్లు ఇఱుకైనవానికే బయటి చోటు ఎక్కువ యవసరము. తోటగల యింటివాడు గోదావరిగాలికై వంతెనవఱకు రానక్కరలేదు.

పరపాలకుల గుఱుతును కాపాడనేల యని మఱియొకరందురు. పేరు గవర్నరుదే; కాని ఇసుక తోడిన చేతులు మనవి, దానికి పెట్టిన ధనము మన దేశపుధనము. పరపాలనము పోయిన పిదప కూడ ఏబదియేండ్లు ఆ వంతెన స్వతంత్రదేశపు బండ్లనే మోసెను. పేరు మార్చుకొందుమా, ఉంచుకొందుమా యనునది చిన్నమాట. ఆ పేరుక్రింద పనివారి కథను చెక్కించుట పెద్దమాట.

మూడవ యాక్షేపణ అన్నిటికంటె గట్టిది. ముసలియినుము మోయగలదా? 2022 అక్టోబరులో గుజరాతులోని మోర్బీ పట్టణమున పందొమ్మిదవ శతాబ్దపు వ్రేలాడువంతెన, మరమ్మతు చేసి తెఱచిన కొలదిదినములకే, జనముతో తెగి నదిలో పడెను. 130మందికి పైగా మరణించిరి, వారిలో పసిపిల్లలెందఱో! అది తీగెలమీద వ్రేలాడు వంతెన; ఇది రాతిస్తంభములమీది ఉక్కుదూలముల వంతెన. రైలుబండి బరువును మోసిన దూలములకు నడచువారి బరువు పెద్దది కాదని కూడ చెప్పవచ్చును. అయినను ఈ తారతమ్యముతో మనము తృప్తిపడరాదు. తుప్పు పైకి కనబడుచోట కంటె కనబడనిచోట ఎక్కువ తినును. రాజమహేంద్రవరముననే 2015 పుష్కరముల మొదటిదినమున ఘాటువద్ద తొక్కిడిలో 27 ప్రాణములు పోయెను. ఆ దినము వంతెన లేదు, తుప్పు లేదు. జనమును, తొందరయు మాత్రమే యుండెను. కావున పుష్కరముల తేదీ చూచి వంతెనను తెఱవరాదు. వంతెనను పరీక్షించి తేదీ నిర్ణయింపవలెను. ఒకనాడు వరద రాకముందే బావి దింపవలెనను తొందర న్యాయమైనది, నది ఆగదు గనుక. నేటి తొందరకు అట్టి న్యాయము లేదు. పండుగకు సిద్ధము కాకపోయిన వంతెన మఱుసటి సంవత్సరము తెఱచుకొనవచ్చును.

ఇవన్నియు సరిపడినపిదప మిగులు ప్రశ్న ఒక్కటి. దానిమీద ఎవరు నడతురు? విహారస్థలములనగానే మన ఊహ అంగళ్లవైపునకును, రంగురంగుల దీపములవైపునకును, ప్రవేశపు చీటివైపునకును పరుగెత్తును. చీటి పెట్టినచో గట్టున ఇడ్లీబండి నడుపుకొను స్త్రీ తన బిడ్డను తీసికొని రాదు. దీపములున్నను కావలి సరిగా లేనిచో సాయంకాలము ఆడపిల్లలు రారు, రానీయరు. మెట్లు మాత్రమే పెట్టినచో వృద్ధులును, కుంటివారును క్రిందనే నిలువవలెను. ఒకనాడు పడవవానికి కూలి ఇయ్యలేనివాడు ఈ యొడ్డుననే మిగిలెను. తరువాత టిక్కెట్టు కొనలేనివాడు మిగిలెను. ఈ మూడవ కాలముననైనను ఎవరును మిగులకుండ వంతెనను తెఱవగలమా? సంస్కరణమనగా పెండ్లిపందిళ్లలోను సభామందిరములలోను మాత్రమే జరుగునది కాదు. స్త్రీ నిర్భయముగా ఒంటరిగా నడువగల మైలున్నర బాట కూడ సంస్కరణమే.

అంగళ్లు వలదని నే ననుట లేదు. వంతెన మరమ్మతునకు ధనము కావలెను. ప్రతి సంవత్సరమును కావలెను. తినుబండములవాని నుండియు, పడవవిహారమువాని నుండియు దానిని రాబట్టుకొనవచ్చును. నడకకు మాత్రము వెల కట్టరాదు. ఒక స్తంభమువద్ద వంతెన కట్టిన విధమును బొమ్మలతో చూపి, తెలుగున వ్రాసి పెట్టినచో, పాఠశాలలవారు పిల్లలను తెచ్చి పది పుస్తకములు చెప్పలేని పాఠమును చెప్పుకొందురు. బావి ఎట్లు దిగినది, క్షామము ఎట్లు దారిని తెచ్చినది, కాటన్ ఏల రైలు వలదనెను, పాలుగారి మాట ఏ దారిని పోయెను. భూగోళము, పదార్థశాస్త్రము, చరిత్రము మూడును ఆ యొక్క చోట దొరకును.

తిరిగివచ్చునపుడు మా బండి తునివద్ద తాండవను దాటెను. పిల్లలలో పెక్కండ్రు నిద్రపోవుచుండిరి. నన్ను ప్రశ్నించిన బాలిక మాత్రము కిటికీవద్ద కూర్చుండి, చీకటిలో కానరాని చిన్ననదిలో ఒక రూపాయి వేసినది. “అదెందుకమ్మా, ఇది గోదావరి కాదుగదా” అంటిని. “ఇది మన నది కదండీ” అన్నది.

ఆ మాటలోని “మన” అను పదమును గోదావరివంతెనకును చేర్చగలిగినచో ఆ పిల్ల ప్రశ్నకు ఉత్తరము దొరకినట్లే. ఆమె పెద్దదై, తన తల్లినో, కూతునో వెంటబెట్టుకొని, ఎవరికిని చీటి చూపనక్కరలేక, ఎవరికిని భయపడనక్కరలేక, కొవ్వూరువైపునకు నడచుచు 56 ఖానాలను నిదానముగా లెక్కపెట్టుకొనవలెను. నాకు కుదురని లెక్క ఆమెకు కుదురవలెను.